బొబ్బలెక్కిన చేతులు, పిడికెడు బియ్యం

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో, సముద్రం ఇంకా కనబడకముందే ఒక పాత కాలువ ఎదురవుతుంది. చాలాచోట్ల పూడిపోయింది. గట్ల మీద సర్కారు తుమ్మ పెరిగింది. అదే బకింగ్‌హాం కాలువ. పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలిసి, సముద్రపు అంచునే దక్షిణానికి సాగి, మద్రాసు దాటి మరక్కాణం దాకా పోతుంది. లారీలు లేని కాలంలో ఉప్పు, ధాన్యం, కట్టెలు ఈ దారినే పడవల మీద వెళ్లేవి.

ఈ కాలువలో ఒక మూడున్నర మైళ్ల ముక్కకు వేరే కథ ఉంది. దాన్ని తవ్వించిన మనిషి ఇంజనీరు కాదు, వృత్తిరీత్యా గుత్తేదారూ కాదు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లాఫ్. తవ్వినవాళ్లు కరువు పాలబడిన పల్లెల జనం, వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తెలుగునాట క్రైస్తవ దాతృత్వం గురించి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం గురించి ఎవరు మాట్లాడినా ఆ కాలువ గట్టు నుంచే మొదలుపెట్టాలి. అన్నం పెట్టే చెయ్యి ఎలా ఉండాలన్న ప్రశ్నకు అక్కడ ఒక గట్టి జవాబు దొరికింది.

గుంటూరు, ఒంగోలు ప్రాంతాలకు కరువు కొత్త కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. మనుషుల డొక్కలు తేలిపోయాయి గనక ఆ పేరు నిలిచింది. అప్పటి గుంటూరు జిల్లాలో దాదాపు అయిదు లక్షల జనాభా ఉంటే, సుమారు రెండు లక్షల మంది పోయారని లెక్క. పది ఇళ్లున్న వీధిలో నాలుగిళ్లు ఖాళీ అయితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నలభై ఏళ్లు గడిచాయో లేదో, 1876లో వానలు మళ్లీ మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. ధాత కరువు అని పెద్దవాళ్లు చెప్పుకున్నది దీన్నే. దక్షిణ దేశమంతా రెండేళ్లు అల్లాడింది. లక్షల మంది ఆకలితో, కలరాతో చనిపోయారు. ఆ రోజుల్లోనే రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది.

సర్కారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, పనులు పెట్టింది. కానీ ఎంత కూలి ఇచ్చింది? 1877 మొదట్లో కలకత్తా నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఒక కొలత ఖరారు చేశాడు. మట్టి తవ్వే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా లేదు. ఆ తిండితో మట్టి తవ్వే మనిషి బతకడని మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. చివరికి కూలి కొంత పెంచారు. ఆకలికి ఎంత పెడితే చాలు అన్న లెక్కను కడుపు నిండిన వాళ్లు బల్ల దగ్గర కూర్చుని వేస్తే ఇలాగే ఉంటుంది. ఆ లెక్కలో మనిషి చావడు, బతకనూ బతకడు.

క్లాఫ్ 1866లో ఒంగోలు వచ్చాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. ఇప్పుడు ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా ఏర్పడ్డది 1970లో. 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, అంతకుముందే వేదాంతం, యోగం వెతుక్కుంటూ తిరిగిన మనిషి, యేసు మాటను పల్లె పల్లెకూ మోశాడు. అలా చేరినవాళ్లకు క్లాఫ్ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు.

మూడో నియమం దగ్గర కాసేపు ఆగాలి. ఊరి గొడ్డు చస్తే మోసుకుపోయేది మాదిగలు, తోలు తీసేది వాళ్లు. నీళ్లు తోడే కపిల బానకు తోలు కుట్టాలన్నా, రైతు కాలికి చెప్పు కావాలన్నా ఆ చేతులే. ఆ చాకిరీకి ప్రతిఫలంగా ఊరు వదిలిపెట్టిన తిండి ఆ మాంసం. కరువులో మేత లేక గొడ్లు కుప్పకూలిపోతుంటే, ఇంట్లో గింజ లేని మనిషి ఆ మాంసం వద్దనడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. నియమం పెట్టడం తేలిక. దాన్ని నిలబెట్టుకునే కడుపుకు ఇంకో దారి చూపించాల్సిన బాధ్యత నియమం పెట్టినవాడి మీద పడుతుంది. క్లాఫ్ ఆ బాధ్యత తీసుకున్నాడు.

మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూముల సర్వే పని చేసిన మనిషి. గొలుసు పట్టడం, మట్టం చూడడం తెలుసు. కరువు పనిగా సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్లు తన పేర కాంట్రాక్టు తీసుకున్నాడు. తన దగ్గరున్న బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. మగవాళ్లు గునపం పట్టారు, ఆడవాళ్లు తట్టలెత్తారు. తాటాకు గుడిసెలు లేచాయి. కూలి డబ్బు చేతికి వచ్చింది. కులం పేరు పెట్టి తిట్టే మేస్త్రీ లేడు. గునపం దించి చెట్టు నీడన కూలబడినప్పుడు, పొద్దున కొలత చూసిన బోధకుడే వచ్చి పక్కన కూర్చునేవాడు. బరువు మోసి అలసిపోయినవాళ్లను తన దగ్గరికి రమ్మని యేసు పిలిచిన మాట చెప్పేవాడు. తలమీద మట్టి తట్ట మోసి దించిన మనిషికి ఆ మాటకు అర్థం విప్పి చెప్పే పని లేదు.

ఇక్కడే అసలు సంగతి. ఆ పని సాగినన్నాళ్లూ వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లాఫ్ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి డబ్బూ, కరువు సాయమూ తన చేతి మీదుగా నడుస్తుండగా బాప్తిస్మం ఇస్తే అది అన్నానికి అమ్ముడుపోయినట్టవుతుందని ఆయన భయం. సాయం ఆగిపోయింది, ఇక తన దగ్గర ఇచ్చేది ఏమీ లేదు అని తేలిపోయాకే ఆ సంగతి మాట్లాడాలనుకున్నాడు.

1878 జూలై మొదట్లో ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర జనం పోగయ్యారు. సాయం అయిపోయింది, ఇళ్లకు వెళ్లండి అన్నాడు క్లాఫ్. వాళ్లు కదల్లేదు. మాకు సాయం వద్దు అన్నారు. కాలువ తవ్వి బొబ్బలెక్కిన అరచేతులు చాపి చూపించారు. కష్టపడ్డాం, ఇక ముందూ కష్టపడతాం. మళ్లీ పంట పోతే చస్తామేమో, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అన్నది వాళ్ల మాట సారాంశం. ఆ అరచేతుల ముందు క్లాఫ్ దగ్గర ఇంకో వాదన మిగల్లేదు. జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక విడతకు ఇద్దరు చొప్పున నీళ్లలో దిగారు. క్లాఫ్ ఆ రోజు తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

2,222 అన్న అంకెను ఇప్పటికీ చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు. కానీ అంతకుముందు గడిచిన ఏడాది పైచిలుకు కాలం అంతకంటే గొప్పది. ఒక మనిషి తన చేతిలో అన్నం ఉండగా, ఎదుటివాడి నుంచి ఏమీ పుచ్చుకోకుండా నిలబడ్డ కాలం అది.

"అన్నం కోసం మతం మారారు" అన్న ఎత్తిపొడుపు ఈ జిల్లాల్లో దళిత క్రైస్తవులు నూరేళ్లకు పైగా వింటూ వస్తున్నారు. 1960లలో అమెరికా నుంచి పాలపొడి, గోధుమ నూక, మొక్కజొన్న రవ్వ వచ్చాయి. కేర్ సంస్థ సరుకుతో బళ్లలో ఉప్మా వండారు. ఆ పచ్చటి ఉప్మా అన్ని కులాల పిల్లలూ తిన్నారు. మాట పడ్డది మాత్రం దళిత పల్లె వాళ్లే. ఆ మాటలో రెండు తప్పులున్నాయి. మొదటిది, వెల్లంపల్లి చరిత్ర దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. రెండోది ఇంకా పెద్దది: ఆకలితో ఉన్న మనిషి తిండి కోసం చెయ్యి చాపడం అవమానం అయినట్టు ఆ మాట పలుకుతుంది. అవమానం ఎవరిదైనా ఉంటే, ఆ ఆకలిని చూస్తూ ఊరుకున్న ఊరిది. అలాగని ఈ వైపు తప్పు అసలు లేదనీ కాదు. అన్నం పొట్లం ఇచ్చే ముందు ప్రార్థనకు రమ్మనేవాళ్లు, కూపన్ చేతిలో పెట్టి సభలో కూర్చోబెట్టేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు క్లాఫ్ దగ్గర పాఠం నేర్చుకోవాలి.

పుచ్చుకున్న చేతులే తర్వాత పెట్టే చేతులయ్యాయి. ఈ సంగతి పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది, వంటింట్లో ఎక్కువ కనిపిస్తుంది.

పల్లెలో ఒక వంటిల్లు. పొద్దున్నే కూలికి పోవాలి గనక నాలుగింటికే పొయ్యి వెలిగింది. ఇంటి ఇల్లాలు బియ్యపు డబ్బాలోంచి సోలతో కొలిచి చేటలో పోసింది. రాళ్లు ఏరింది. కడగబోయే ముందు ఆగి, ఆ బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న చిన్న డబ్బాలో వేసింది. పక్కన చూసే పిల్ల ఎందుకమ్మా అని అడగదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అది పిడికెడు బియ్యం, దేవుడి బియ్యం. ఆదివారం గుడికి పోయేటప్పుడు సంచిలో పోసుకుని వెళ్లి, అక్కడి పెద్ద గంపలో వంపుతుంది. గంప నిండితే కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత దిక్కులేని ముసలివాళ్లకు.

ఇందులో చూడాల్సింది తీసే వేళ. వండి, తిని, మిగిలాక ఇచ్చేది కాదు ఇది. పొయ్యి మీదికి ఎక్కకముందే, ఇంట్లో అందరికీ చాలుతుందో లేదో తెలియకముందే తీసి పక్కన పెట్టేది. ఆ పూట కుండలో ఒక పిడికెడు తగ్గుతుంది, ఆ తగ్గింది ఎక్కువసార్లు ఆ తల్లి వాటాలోంచే. ఇదే ఆచారం దేశానికి ఇంకో కొసన మిజోరంలోనూ ఉంది. అక్కడ 1910లో మొదలై, ఇప్పటికీ చర్చిలకు పెద్ద ఆదాయంగా నిలిచింది. దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, పేదవాడు కూడా ఇవ్వగలడు, ఇవ్వాలి అని తెలుగు పల్లెల్లో పట్టుబట్టి నేర్పాడు. పేదవాణ్ని ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంచడం కూడా ఒక అన్యాయమేనని ఆయనకు తెలుసు.

కోత పండుగనాడు ఈ ఇవ్వడం సంబరంగా మారుతుంది. గుడి ముందు గుమ్మడికాయలు, అరటి గెల, కోడిపుంజు, కొబ్బరికాయలు, ఎర్రగా మెరిసే ఎండుమిరప. వేలం మొదలవుతుంది. వందకు పాడిన గుమ్మడికాయను పాడినాయనే మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు. ఇంకొకరు నూట యాభైకి పాడతారు. ఒక్క కాయ నాలుగైదు చేతులు మారుతుంది. చివరికి అది ఎవరింట పులుసులో పడిందన్నది ఎవరికీ పట్టదు.

తర్వాత ప్రేమవిందు. పెళ్లికైనా, క్రిస్మస్‌కైనా, పోయినవారి జ్ఞాపకార్థ కూడికకైనా తెలుగు క్రైస్తవులు ఈ మాటే వాడతారు. ఆది సంఘంలో రొట్టె విరిచి కలిసి తిన్న అలవాటు నుంచి వచ్చిందిది. అయితే ఆ తొలినాళ్లలోనే ఈ విందు చెడింది. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే కడుపారా తిని తాగితే, లేనివాళ్లు ఆకలితో మిగిలారు. పౌలు వాళ్లకు ఉత్తరం రాసి మరీ చీవాట్లు పెట్టాడు. యెరూషలేములో వితంతువులకు రోజూ పంచే భోజనంలో కొందరికి అందడంలేదని ఫిర్యాదు వస్తే, అపొస్తలులు స్తెఫనుతో సహా ఏడుగురిని ఆ పనికే నియమించారు. బోధ ఎంతో వడ్డన అంతే అని ఆ సంఘం అంత పెందలాడే గుర్తించింది. మన జిల్లాల్లో ఒకే పంక్తిలో అందరూ కూర్చోవడం చిన్న విషయం కాదు. దాన్ని క్రైస్తవ సంఘాలు పూర్తిగా సాధించాయని చెబితే అబద్ధమవుతుంది. కులం గుడిలోకీ వచ్చింది, సమాధుల తోటలోకీ వచ్చింది. పంక్తి విడిపోయిన చోట దానికి ప్రేమవిందు అన్న పేరు చెల్లదు.

పెట్టడంలో ఎదుటివాడి మనసు తెలుసుకోవడం ఒక భాగం. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె లూథరన్ మిషన్ తరఫున 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి వచ్చే హిందూ కుటుంబాలు తమ ఆచారం ప్రకారం వండుకు తినడానికి చోటు కావాలి. ఆ బంధువులు ఉండడానికి ఏలూరు రాజా భుజంగరావు సత్రం కట్టించాడు. క్రైస్తవ వైద్యురాలి ఆసుపత్రి పక్కన హిందూ జమీందారు సత్రం. ఒకరు మందిచ్చారు, ఒకరు పొయ్యి పెట్టుకునే నీడ ఇచ్చారు. గోదావరి జిల్లాలో డొక్కా సీతమ్మ గారు వేళా కులం చూడకుండా వడ్డించింది కూడా ఇంచుమించు ఆ కాలమే. తెలుగు నేల మీద అన్నదానం ఒక్క మతం సొత్తుగా ఎప్పుడూ లేదు.

గుంటూరులో డొక్కల కరువు నడుస్తున్న 1833లోనే, పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల విద్యార్థి స్నేహితులతో కలిసి విన్సెంట్ డి పాల్ సభ మొదలుపెట్టాడు. సాయాన్ని ఆఫీసుకు పిలిచి ఇవ్వకూడదు, పేదవాడి ఇంటికి వెళ్లి, కూర్చుని, మాట్లాడి ఇవ్వాలి అన్నది వాళ్ల పద్ధతి. ఆ సభ ఇప్పుడు ప్రపంచమంతా కతోలిక విచారణల్లో పనిచేస్తోంది. ఇంటికి వెళ్లడం అన్న ఆ ఒక్క అలవాటు ఎంత పాతదో, ఇవాళ అంత అవసరం.

ఎందుకంటే ఆకలి రూపం మారింది. ఇప్పుడు రేషన్ కార్డున్న ప్రతి మనిషికీ నెలకు అయిదు కిలోల బియ్యం ఉచితంగా వస్తోంది. ధాత కరువు నాటి చావు మళ్లీ రాదు. కానీ అయిదు కిలోలంటే రోజుకు నూట అరవై గ్రాముల పైచిలుకు. పప్పెక్కడిది, కూరెక్కడిది? ఇంకో సంగతి. పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో పోయాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన ముసలమ్మకు బియ్యం ఉంటాయి, వండుకునే ఓపిక ఉండదు. పొద్దున వండిన గంజే రాత్రికి కూడా. బయటికి చూస్తే ఆమె ఆకలితో ఉన్నట్టే తెలియదు. రాజధాని కోసం 2015లో భూసమీకరణ జరిగిన అమరావతి 29 గ్రామాల్లో పొలం పని పోయిన కూలీలు ఆటోల్లో దూరపు మిరప చేలకు వెళ్లడం మొదలుపెట్టారు. సంక్రాంతి దాటితే కాయకోతలకు పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి, తెలంగాణ నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చి చేల పక్కన గుడారాలు వేసుకుంటాయి.

గుంటూరు మిరప యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే ఆడవాళ్లను దగ్గర నుంచి చూడండి. ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని, మిరప కుప్ప ముందు కూర్చుని, పొద్దు గూకేదాకా తొడిమలు తుంచుతారు. కూలి కిలో లెక్క. మధ్యాహ్నం గిన్నె విప్పేసరికి వేళ్లు మంట. సబ్బుతో కడిగినా ఘాటు పోదు. కొందరు నూనె రాసుకుంటారు, కొందరు మజ్జిగలో ముంచుతారు. అన్నం కలుపుకోవడానికే చెయ్యి ఒప్పదు. కాలువ గట్టు మీద బొబ్బలెక్కిన చేతులకూ ఈ చేతులకూ మధ్య నూట యాభై ఏళ్లు ఉన్నాయి. ఈ ఆడవాళ్లలో కొందరు ఆ కాలువ తవ్వినవాళ్ల మునిమనుమరాళ్లే అయి ఉండొచ్చు. ఆదివారం గుడిలో గంపలో బియ్యం పోసేదీ ఆ చేతులే.

ప్రొటెస్టెంట్లు శ్రమదినాలని, కతోలికులు తపస్సు కాలమని చెప్పుకునే, ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజులు, ఫిబ్రవరి ఏప్రిల్ నెలల మధ్య, కాయకోతల మీదే పడతాయి. పూట మానేసి ఉపవాసం ఉండేవాళ్లు ఈ జిల్లాల్లో వేలమంది ఉన్నారు. ఆ మానిన పూట అన్నం ఎక్కడికి పోతోంది అన్నది వాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న. ఆకలిగొన్నవాడికి పెట్టింది తనకే పెట్టినట్టని యేసు చెప్పిన తీర్పు కథ మత్తయి సువార్తలో అందరూ చదివిందే. ఆ కథలో పెట్టినవాళ్లు తాము ఎవరికి పెట్టామో తెలియకుండానే పెట్టారు. ఫ్లెక్సీ కట్టలేదు, ఫొటో తీయలేదు.

కాబట్టి శ్రోతలకు ఒక మనవి. ఈసారి ఉపవాసం ఉన్న రోజు, మానిన పూటకు పట్టే బియ్యం, పప్పు, రెండు కూరగాయలు ఒక సంచిలో పెట్టండి. ఊరి చివర మిరప చేల పక్కన గుడారాలుంటే అక్కడికి, లేకపోతే మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దామె ఇంటికి నడిచి వెళ్లండి. ఆమె వండుకోలేకపోతే వండి తీసుకెళ్లండి. ఏ మతమని అడగొద్దు, ఆదివారం ఎక్కడికి వెళుతున్నావని అడగొద్దు. తిన్నావా అని మాత్రం అడగండి.